వేలిముద్ర పడని చేతులు

దయ్యాల మాట ఎత్తితే మా ఊళ్ళో నాతో పోట్లాట తప్పేది కాదు. సాదలి దారిలో తెల్లచీర కనబడిందని ఎవరైనా అంటే, "అంచు ఏ రంగు? జరీ ఉందా లేదా?" అని అడిగి నోరు మూయించేవాణ్ణి. ఇరవై ఏళ్ళు పట్టుదారం తీసినవాడికి చీరల గురించి అబద్ధం చెప్పడం కష్టం. ఇప్పుడు కూడా నేను దయ్యాన్ని చూశానని చెప్పడం లేదు. ఏమీ చూడలేదు, ఏమీ వినలేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

మాది దిబ్బూరహళ్ళి దగ్గర చిన్న పల్లె. అన్న వెంకటేశప్ప, నేను, ఇద్దరమే అన్నదమ్ములం. అన్న మల్బరీ తోట చూసుకుంటూ పట్టుపురుగులు మేపేవాడు. నేను శిడ్లఘట్టలో దారం తీసే పనికి పోయేవాణ్ణి. మరిగే నీళ్ళలో ఉడికే పట్టుగూళ్ళలో చెయ్యి పెట్టి, దారం కొస వెతికి పట్టుకుని చక్రానికి అందించాలి. పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా వేళ్ళు ఆ నీళ్ళలోనే. కొన్నేళ్ళకు వేళ్ళ కొసలు తెల్లగా పాలిపోయి, సబ్బు ముక్కలా నున్నగా అరిగిపోతాయి. మా పనివాళ్ళలో చాలామందికి వేలిముద్ర పడదు.

రేషన్ అంగడిలో ఈ బాధ బాగా తెలిసేది. నేను వేలు పెట్టినప్పుడల్లా మిషన్ "ముద్ర సరిగా పడలేదు, మళ్ళీ పెట్టండి" అనేది. పదిసార్లు పెట్టినా అదే పాట. అందుకని ఎప్పుడూ అన్నే పోయేవాడు. ఆయనకొక అలవాటు ఉండేది. కుడి బొటనవేలిని చెవి వెనక రెండుసార్లు రుద్దుకుని మిషన్ మీద పెట్టేవాడు. చూడటానికే నాకు రోతగా ఉండేది. ఆ మాటే అంటే నవ్వేవాడు.

"నీకు నోరుండాది గానీ వేలు లేదు కదరా మంజూ. యాడికన్నా పోతే నా వేలు ఎత్తుకొని పో" అనేవాడు.

ఆ బొటనవేలికి అడ్డంగా ఏటవాలు గాటు ఒకటి ఉండేది. చిన్నప్పుడు మల్బరీ కొమ్మలు కోస్తుంటే కొడవలి తగిలి పడిన మచ్చ.

అన్నకు మూత్రపిండాలు చెడిపోయాయి. ఏడాది తిరక్కుండానే పోయాడు. అదే ఏడు నేను పనిచేసే చోట ఆటోమేటిక్ మిషన్లు వచ్చి మాలాంటివాళ్ళను మాన్పించారు. ఇంట్లో వదిన లక్ష్మమ్మ, చిక్కబళ్ళాపురంలో పీయూసీ చదివే అన్న కూతురు చైత్ర, నేను మిగిలాం. నాకు పెళ్ళి కాలేదు, ఆ కథ వేరు. చైత్ర చదువు ఆగకూడదంటే నాకు పని దొరకాలి. నా చేతికి వచ్చిన పని ఒక్కటే, ఆ పనే ఊళ్ళో లేకుండా పోయింది.

చింతామణికి చెందిన రెడ్డెప్ప అని మా తోటి చదివినవాడు ఒక దీవిలో హోటల్ వంటమనిషిగా ఉన్నాడు. "వచ్చి చూడప్పా, మగ్గం మిషన్లు, నూలు మిషన్లు ఈడ బాగుండాయి" అన్నాడు. ఆ దీవి పేరు రాయను. ఎందుకో పోనుపోను మీకే తెలుస్తుంది. చుట్టూ సముద్రం, లోపల చెరకు తోటలు, రోజుకు నాలుగుసార్లు వచ్చిపోయే వాన, ఇంత చెబితే చాలు.

పని వెతకడం అంటే ఏమిటో అక్కడ తెలిసింది. హోటళ్ళలో అడిగాను, రొట్టెల బట్టీలో అడిగాను, చక్కెర మిల్లులో అడిగాను. అందరూ ముందు పర్మిట్ చూపించమన్నారు. పర్మిట్ ఆఫీసుకు పోతే పని ఇచ్చినవాళ్ళ కాగితం తెమ్మన్నారు. పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు అన్నట్టయింది నా పని. శిడ్లఘట్ట సంతలో నా చేతులు చూస్తే నేనెవరో చిన్నపిల్లలు కూడా చెబుతారు. అక్కడ ఆ చేతులు చూసి నాకేదో చర్మరోగం ఉందనుకుని ఒకామె డబ్బాలోని బిస్కెట్ నా చేతికివ్వకుండా బల్ల మీద పెట్టింది. ఆ రోజు రెడ్డెప్ప గదికి వచ్చి ఏడ్చాను.

చివరికి ఒక నూలు ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ నా ముందు తెగిన దారాల కండె పెట్టాడు. నేను దాని వంక చూడకుండానే, ఆయన ముఖం చూస్తూ కొసలు పట్టి ముడులు వేసిచ్చాను. పని ఖాయమైంది. కంపెనీ కాగితం ఇచ్చింది. ఇక మిగిలింది సర్కారు ఆఫీసులో వేలిముద్రలు ఇవ్వడం.

మీరు ఊహించిందే జరిగింది. పది వేళ్ళూ పెట్టాను, ఒక్కటీ పడలేదు. అక్కడి ఆఫీసరమ్మ ఓపిక గల మనిషి. అద్దం తుడిచింది, తడి కాగితం ఇచ్చింది, వారం ఆగి రమ్మంది. వారం రోజులు వేళ్ళకు ఆముదం రాసుకుని పడుకున్నాను. రెండోసారీ పడలేదు. మూడోసారి కూడా పడకపోతే ఫైలు మూసేస్తామని, కంపెనీ ఇంకొకరిని పెట్టుకుంటుందని చెప్పింది. నేను దీవిలో ఉండే గడువు ఆ శనివారంతో సరి.

మూడోసారి పోయింది గురువారం, పొద్దున పదిన్నరకు. బయట ఎండ కాస్తోంది, గది నిండా జనం. నా పేరు పిలిచారు. కుర్చీలో కూర్చుని కుడిచెయ్యి ఎత్తాను. ఎత్తిన చెయ్యి మిషన్ దగ్గరికి పోలేదు. చెవి వెనక్కి పోయింది. రెండుసార్లు రుద్దుకుని, బొటనవేలు అద్దం మీద పెట్టింది.

నేను రుద్దుకున్నానని రాయడానికి చెయ్యి రావడం లేదు. జన్మలో ఎప్పుడూ ఆ పని చేసినవాణ్ణి కాదు.

మిషన్ కూసింది. తెర మీద ముద్ర పెద్దగా కనబడింది, గీతలన్నీ ముగ్గు వేసినట్టు స్పష్టంగా. వాటి మీద అడ్డంగా, ఏటవాలుగా ఒక తెల్లటి గీత. "పాత గాటా?" అని ఆఫీసరమ్మ ఇంగ్లీషులో అడిగింది. కాదంటే పని చెడుతుందేమోనన్న భయంతో అవునన్నాను. మిగతా తొమ్మిది వేళ్ళు పడకపోయినా ఇది చాలని సంతకం చేసింది.

బయటికొచ్చి ఎండలో వేలు తిప్పి తిప్పి చూసుకున్నాను. ఎప్పటిలాగే నున్నగా ఉంది. గాటు లేదు, గీత లేదు. అద్దం మీద గీరుకుని ఉంటుందిలే అనుకున్నాను. వదినకు ఫోన్ చేసి పని దొరికిందని మాత్రమే చెప్పాను.

ఫ్యాక్టరీలో హాజరు కూడా వేలితోనే. ప్రతి పొద్దునా కుడి బొటనవేలు పడుతుంది. ఇంకే వేలూ పడదు. వేడినీళ్ళ పని మానేశాను కాబట్టి చర్మం మళ్ళీ పెరిగిందని నాకు నేనే చెప్పుకున్నాను. అయితే ఒక్క వేలికే ఎందుకు పెరిగింది? ఆ ప్రశ్న జోలికి పోలేదు. పని నడుస్తున్నప్పుడు ఎవరు మాత్రం పోతారు?

ఏడాది తరవాత మూడు వారాల సెలవు మీద ఊరికొచ్చాను. వదిన చింతామణిలో వాళ్ళ పిన్నమ్మ ఇంటికి పోయిన రోజే రేషన్ ఇస్తున్నారని తెలిసి నేను పోయాను.

ఇక్కడొక తప్పు ఒప్పుకోవాలి. కార్డులో అన్న పేరు ఇంకా ఉంది. తాలూకు ఆఫీసుకు మరణ పత్రం ఇచ్చి తీయించమని వదినకు ఎన్నోసార్లు చెప్పాను. "నలుగురి పేర్లూ వరసగా ఉండాయి, ఉండనీలే అప్పా" అని ఆమె దాటేసేది. పోయినవాడి వంతు బియ్యం తిన్నాం, అది సరి కాదు. మా పక్క చాలా ఇళ్ళలో ఇదే కథ.

అంగడి సుబ్బణ్ణ మిషన్‌లో నా పేరు నొక్కాడు. బొటనవేలు పెట్టాను. ఎప్పుడూ వచ్చే మాట రాలేదు. "ముద్ర సరిపోలడం లేదు" అని వచ్చింది.

సుబ్బణ్ణ తల గోక్కున్నాడు. "ఏమప్పా మంజన్నా ఇది? నీ ముద్ర ఎప్పుడూ పడనే పడదు. ఈపొద్దు బాగా పడతాండాది. కానీ నీది కాదంటాండాదే!"

మూడుసార్లు అదే. వెనక వరసలో ఆడవాళ్ళు గొణుగుతున్నారు. సుబ్బణ్ణ విసుగ్గా అద్దం తుడిచి, మళ్ళీ నా పేరు నొక్కబోయి పొరపాటున పై పేరు మీద నొక్కాడు. నా వేలు అప్పటికే అద్దం మీద ఉంది. మిషన్ కూసింది. చీటీ బయటికొచ్చింది.

చీటీ మీద వెంకటేశప్ప అని ఉంది.

సుబ్బణ్ణ దాన్ని చూశాడు, నన్ను చూశాడు. "ఇంగోసారి పెట్టు" అన్నాడు. పెట్టాను. ఈ కార్డుకు ఈ నెల రేషన్ ఇచ్చేశారని మిషన్ చెప్పింది. ఇక వచ్చే నెల దాకా ఏమీ తేలదు, వచ్చే నెలకు నేను ఉండను. సుబ్బణ్ణ బియ్యం కొలిచాడు. నేను మలుపు తిరిగేదాకా చొక్కా అంచుతో ఆ అద్దం తుడుస్తూనే ఉన్నాడు.

చాలా ఆలోచించాను. ఆధార్‌కు అన్న, నేను ఒకే రోజు, ఒకే బల్ల దగ్గర వేళ్ళు ఇచ్చాం. అక్కడేమైనా తారుమారైందా? అలాగైతే అన్న వేలికి అన్న పేరు మీద అన్నేళ్ళు రేషన్ ఎలా వచ్చింది? సుబ్బణ్ణ మిషన్ చెడిందా? నా వెనకవాళ్ళకు సరిగ్గానే పనిచేసింది. ఒక మిషన్ తప్పు చెప్పిందనుకుంటే, సముద్రం అవతలి మిషన్ ఆ గీతను ఎక్కణ్ణించి తెచ్చింది?

మర్నాడు వదిన వచ్చింది. చీటీ చేతికిచ్చి జరిగింది చెప్పాను. దీవిలో చూసిన గీత సంగతి మాత్రం చెప్పలేదు. ఆమె నా కుడిచెయ్యి అందుకుని, బొటనవేలి మీద తన గోటితో ఏటవాలుగా ఒక గీత గీసి చూసింది.

"చెవి వెనక రుద్దుకుంటివా?" అంది.

గుర్తు లేదన్నాను. నిజంగానే గుర్తు లేదు.

ఆమె చాలాసేపు గడప మీద కూర్చుంది. తరవాత కళ్ళు తుడుచుకుని, లోపలి నుంచి మరణ పత్రం తెచ్చి నా ముందు పెట్టింది. "రేపే పోయి పేరు తీయించేద్దామప్పా. ఉన్నన్నాళ్ళూ కష్టపడె. సచ్చిపోయినంక కూడా ఆయప్పను పనికి పంపించాల్నా?"

ఇన్నాళ్ళూ తీయించమని సతాయించింది నేను. వచ్చే నెల నా పర్మిట్ తిరిగి రాయించాలి. మళ్ళీ ఆ ఆఫీసు, ఆ కుర్చీ, ఆ అద్దం. దయ్యాలు లేవని ఊరంతటితో పోట్లాడినవాణ్ణి, ఆ కాగితం మడిచి వదిన చేతిలోనే పెట్టాను.

"చైత్ర చదువు అయ్యేదాకా ఉండనీ వదినా" అన్నాను.