నేను ఆ పిల్లకి ఏమీ కానని తేలిన రోజు

అమెరికాలో మేముండే ఈ నోవై ఊళ్లో నన్ను అంకుల్ అనని తెలుగు పిల్లలు లేరు. ఇండియన్ స్టోర్‌లో కొత్తిమీర కట్ట ఏరుకుంటున్నా వెనక నుంచి “ఎక్స్‌క్యూజ్ మీ అంకుల్” అని వినిపిస్తుంది. ఆ మాట ఒకరోజు ఒక ఆడపిల్ల బతుక్కి అడ్డం పడుతుందని మాత్రం నేను అనుకోలేదు.

నేను బడికి వెళ్లింది ఐదో తరగతి దాకానే. నాకు ఇంగ్లీషు నేర్పింది లేత్ మెషీన్ల మాన్యువల్స్. మెషీన్ షాపులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాక ఒకరోజు లైబ్రరీ గోడమీద కాగితం చూశాను. తల్లిదండ్రుల దగ్గర కాకుండా సర్కారు హోముల్లో పెరిగి, వయసు నిండి బయటికి వచ్చే పిల్లలకు తోడుగా నిలబడే వాలంటీర్లు కావాలట. దరఖాస్తులో ‘మీ చదువు ఎంతవరకు పూర్తయింది’ అని అడిగారు. ‘ఇంకా పూర్తి కాలేదు’ అని రాశాను. అది చదివి నవ్విన ఆఫీసరమ్మే నన్ను తీసుకుంది.

నాకు అప్పజెప్పిన అమ్మాయికి అప్పుడు పదిహేడేళ్లు. హైస్కూల్లో ఉండగానే కమ్యూనిటీ కాలేజీలో వెల్డింగ్ నేర్చుకుంటోంది. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. వారానికోసారి, మంగళవారం కలవాలని ఏర్పాటు. మొదటి మంగళవారం మా ఇంటికి రాగానే, “మిమ్మల్ని ఏమని పిలవాలి?” అని అడిగింది. నేను ఆలోచించేలోపే మా ఆవిడ వంటింట్లోంచి, “అంకుల్ అను, ఊరంతా అదే అంటుంది” అని కేకేసింది. అంతే, స్థిరపడిపోయింది.

మా ఆవిడ వడియాలు ఎండబెట్టుకునే ఇనప స్టాండు కాలు విరిగితే ఆ పిల్ల కాలేజీకి పట్టుకెళ్లి అతికి తెచ్చింది. తప్పు పడదామని కళ్లద్దాలు పెట్టుకుని మరీ ఆ అతుకు చూశాను. దొరకలేదు. నేను ఆమెకు నేర్పింది ఒక్కటే: సంతకం పెట్టే ముందు చిన్న అక్షరాలు చదవమని. ఈ దేశంలో నా మొదటి చలికాలం, చదవకుండా సంతకం పెట్టి, హీటింగ్ లేని గదిలో ఓవర్‌కోటు వేసుకుని పడుకున్నవాణ్ణి. నేను అడగడానికి వెళితే భుజాలెగరేసిన ఆ ఇంటి ఓనరు మీద నా కోపం ఇవాళ్టికీ చల్లారలేదు.

ఏడాది తిరిగింది. ఆమెకు పద్దెనిమిది నిండాయి. నెలాఖరుకల్లా ఖాళీ చేయమని హోము వాళ్లు చెప్పేశారు. కాలేజీకి నడిచి వెళ్లేంత దూరంలో ఒక చిన్న అపార్ట్‌మెంట్ దొరికింది. అది రాకపోతే రెండు గంటల దూరంలో ఇంకో వసతిలో మంచం ఇస్తారు. వెల్డింగ్ క్లాసు సంగతి మరిచిపోవాల్సిందే. అపార్ట్‌మెంట్ వాళ్లు ఏడాదికి పైగా ఎరిగినవాళ్ల నుంచి రెండు రిఫరెన్సులు అడిగారు. ఒకటి వెల్డింగ్ మాస్టారు ఇచ్చాడు. రెండోది నేను. లీజింగ్ ఆఫీసులో కూర్చుని ఫారం నింపాను. ‘సంబంధం’ అన్నచోట పెద్ద పెద్ద అక్షరాలతో ‘అంకుల్’ అని రాశాను.

మేనేజరమ్మ చదివి తల అడ్డంగా ఊపింది.

“బంధువుల రిఫరెన్సు చెల్లదండీ.”

“నేను బంధువుని కాను.”

“మీరే రాశారుగా. అమ్మ తరఫా, నాన్న తరఫా?”

“ఏ తరఫూ కాదు!”

పక్కనున్న పిల్ల ఫారం అడుగున వేలు పెట్టింది. ‘బంధువులు నింపరాదు.’

“చిన్న అక్షరాలు చదవమన్నది ఎవరు అంకుల్?”

“ఇవి అక్షరాలా? చీమ గుడ్లు! ఆవిడ ముందు మళ్లీ అంకుల్ అంటావేంటి?”

మేనేజరమ్మ ఓపికగానే చెప్పింది. సాయంత్రం ఐదులోపు ఇంకెవరినైనా చూసుకోవాలి, లేదంటే వెయిటింగులో ఉన్నవాళ్లకు ఇచ్చేస్తారు. ఇంకెవరున్నారు? హోములో స్టాఫ్ ఆర్నెల్లకోసారి మారిపోతారు. ఒక పిల్లని పెంచామని చెప్పుకునే సర్కారు, ఆ పిల్లని ఏడాదిపాటు ఎరిగిన మనిషిని ఇంకొకర్ని మిగల్చలేదు! నేను గొంతు పెంచబోయాను. ఆ పిల్ల జాకెట్ జిప్పు పైకీ కిందికీ లాగుతోంది. అది చూసి నోరు మూసుకున్నాను.

అప్పుడే అక్కడ అద్దెకుండే ఇద్దరు తెలుగు కుర్రాళ్లు పార్సిళ్లకోసం లోపలికొచ్చారు. మెడలో ఆఫీసు బ్యాడ్జీలు.

“నమస్తే అంకుల్! ఇల్లు చూస్తున్నారా? వెనక బ్లాక్ తీసుకోకండంకుల్, పార్కింగ్ అస్సలుండదు.”

మేనేజరమ్మ తలెత్తింది. “ఈయన మీకూ అంకులేనా?”

“నో నో. ఈయనెవరో మాకు తెలీదు.”

“మరి అలా పిలిచారు?”

వాళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. “పెద్దాయన కదా, మేడమ్!” అన్నాడొకడు. “మా డాడీ వయసువాళ్లు ఎవరు కనపడినా అంతే” అన్నాడు రెండోవాడు.

నేనెవరో తెలీదన్నందుకు మనుషుల్ని కావలించుకోవాలనిపించడం అదే మొదటిసారి. మేనేజరమ్మ కళ్లు తుడుచుకునేదాకా నవ్వి, కొత్త ఫారం తీసింది. ఈసారి ‘మెంటర్’ అని రాశాను. ఆ పిల్ల దాన్ని లాక్కుని, చీమ గుడ్లతో సహా రెండుసార్లు చదివాకే ఇచ్చింది. మూడో రోజున ఇల్లు ఖాయమైంది.

ఆ శనివారం నేనూ మా ఆవిడా రైస్ కుక్కరూ నాలుగు స్టీలు గిన్నెలూ పట్టుకుని వెళ్లాం. రెండో అంతస్తు ఎక్కి, మనింటికి వచ్చినట్టే తలుపు గుబ్బ తిప్పాను. లోపల తాళం.

“ఎవరు?”

“నేనే!”

“ఫోన్ చేశారా?”

నాకు మండింది. “మావాళ్లు ఫోన్ చేసి రారు!”

“పదకొండేళ్లు నా గది తలుపు ఎవరు పడితే వాళ్లు తీశారు అంకుల్. ఇది నాది. ఫోన్ చేయండి.”

మా ఆవిడ నన్ను మోచేత్తో పొడిచింది. “చేయండీ, బాగానే చెప్పింది.”

కుక్కర్ కింద పెట్టి, కళ్లద్దాలు వెతుక్కుని నంబరు నొక్కాను. లోపల ఫోను మోగడం నాకే వినిపిస్తోంది. నాలుగు రింగులయ్యాక ఎత్తింది.

“హలో?”

“మీ ఇంటికి రావచ్చా?”

“ఎక్కడిదాకా వచ్చారు?”

“నీ గుమ్మందాకా.”

“ఒక్క నిమిషం” అంది. నిజంగానే నిమిషంసేపు నిలబెట్టి, తర్వాత తలుపు తీసింది.