జ్యోత్స్న రాసిన ‘మేము’

కోదాడలో హుజూర్‌నగర్ రోడ్డు మీదున్న ఒక డీటీపీ సెంటర్లో జ్యోత్స్న ఇరవై రెండేళ్లుగా తెలుగు టైపు చేస్తోంది. పెళ్లిపత్రికలు, దినాల కార్డులు, చర్చి పాటల పుస్తకాలు, బడి ప్రశ్నపత్రాలు. పెళ్లి చేసుకోలేదు. బస్టాండు వెనక గది కిరాయికి తీసుకుని ఉంటుంది. తల్లిదండ్రులు పోయారు. సూర్యాపేటలో ఉన్న అక్క అఖిల ఆదివారం చర్చి అయ్యాక ఫోన్ చేస్తుంది.

కొన్నేళ్లుగా సెంటర్లో పని తగ్గింది. జనం కార్డులు ఫోన్లోనే చేసుకుంటున్నారు. ఖాళీ మధ్యాహ్నాల్లో జ్యోత్స్న వీడియోలు చూసి ప్రోగ్రామింగ్ నేర్చుకుంది. దానికి కారణం ఒకటుంది. తను మొదట్లో కొట్టినవన్నీ పాత ఫాంట్లలో ఉన్నాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే తెలుగు కనబడదు, ఇంగ్లీషు అక్షరాలూ గీతలూ కలిసిన గజిబిజి వస్తుంది. దాన్ని ఏ ఫోన్లోనైనా చదవగలిగే ఇప్పటి తెలుగులోకి మార్చే ప్రోగ్రాం రాయాలనుకుంది. ఏ మీటకు ఏ వత్తు పడుతుందో ఆమెకు కళ్లు మూసుకున్నా తెలుసు. అయినా ఎనిమిది నెలలు పట్టింది.

ఒక్క ఫైలుగా ఉన్న ఆ ప్రోగ్రాంను అందరూ వాడుకునే ప్యాకేజీగా ఎలా చేయాలని నెట్‌లో అడిగింది. పేరు కూడా పెట్టుకోని మనిషెవరో ఒక్క ముక్కలో జవాబిచ్చాడు. అన్నీ కొత్తగా పేర్చుకోవద్దు, టెంప్లేట్‌తో మొదలుపెట్టమన్నాడు.

టెంప్లేట్ అంటే ఏమిటో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. పెళ్లికార్డులో పేర్లూ ముహూర్తమూ మారుస్తే సరి, మిగతాదంతా సిద్ధంగా ఉంటుంది. ఇదీ అంతే. నెట్‌లో దొరికిన ఆ టెంప్లేట్ మొదలుపెట్టగానే ఒక్కో ప్రశ్నా అడిగింది. ప్యాకేజీ పేరేమిటి? ‘పాతలిపి’ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టింది. అదేం చేస్తుందో ఒక్క వాక్యంలో చెప్పమంది. ఆ వాక్యానికి మధ్యాహ్నమంతా పట్టింది. రచయిత ఎవరని అడిగింది. ఎన్ని పుస్తకాలు కొట్టిందో లెక్కలేదు గాని, ఆ చోట తన పేరు ఎన్నడూ కొట్టలేదు. ఈసారి కొట్టింది.

చివరి ప్రశ్న అయ్యేసరికి ఫోల్డర్లన్నీ వరసగా వచ్చి కూర్చున్నాయి. ప్రోగ్రాంకు ఒకటి, దాన్ని పరీక్షించడానికి ఒకటి, వాడే విధానానికి ఒకటి. తప్పు కనబడితే రాసి పంపే ఫారం ఉంది. కలిసి పనిచేసేవాళ్లు ఒకరితో ఒకరు మర్యాదగా మెలగాలన్న నియమాల పత్రం కూడా ఉంది. ఎవరైనా దురుసుగా మాట్లాడితే ఫిర్యాదు ఎవరికి చేయాలో అందులో రాయాలి. ఆమె తన మెయిలే రాసింది.

ఇంగ్లీషులో వచ్చిన ఆ పత్రాలన్నీ తెలుగులో పెట్టింది. ఇంగ్లీషులో అంతటా ‘మేము’ అనే ఉంది. ‘ఏం జరిగిందో మాకు చెప్పండి, మేము పరిశీలిస్తాం.’ దాన్ని ‘నేను’ అని మార్చి చదువుకుంది. బోసిగా అనిపించింది. మళ్లీ ‘మేము’ చేసింది.

ఆదివారం అక్కకు ఈ సంగతంతా చెప్పబోయింది. అఖిల కొంత విని, పొయ్యి మీద కూర ఉందని ఫోన్ పెట్టేసింది. సెంటర్ ఓనరు దశరథ కళ్లజోడు పెట్టుకోకుండానే స్క్రీన్ చూసి బాగుందన్నాడు. ప్యాకేజీని నెట్‌లో పెట్టి మూడు నెలలు గడిచినా దాని గురించి ఎవరూ ఒక్క మాట రాయలేదు.

నాలుగో నెలలో మొదటి ఫారం వచ్చింది. పంపినాయన మిర్యాలగూడలో ఫిజిక్స్ లెక్చరర్, పేరు మహేందర్. పదిహేనేళ్లుగా పాత ఫాంటులో కొట్టుకున్న తెలుగు మీడియం నోట్సును పుస్తకంగా వేయాలనుకుంటున్నాడు. ‘సూక్ష్మదర్శిని’లో మ వత్తు ఎగిరిపోతోందని, ఫారంలో ఏ గడీ వదలకుండా నింపి పంపాడు. ఆమె ఆరోజే సరిచేసి, ఆ మాటను పరీక్షల ఫోల్డర్లో చేర్చి, ‘మేము సరిచేశాం, ధన్యవాదాలు’ అని జవాబు పెట్టింది.

అప్పట్నుంచి ఫారాలు వస్తూనే ఉన్నాయి. ‘స్థితిస్థాపకత’, ‘ఘర్షణ’, ‘దృఢ వస్తువు’. పొద్దున సెంటర్ తెరవగానే, ఊడ్చే ముందే, ఏమన్నా వచ్చిందా అని చూసుకోవడం అలవాటైంది. ఆయన ఒక్కోసారి చివర ఇంకో మాట రాసేవాడు. ఇవాళ ఇక్కడ పెద్ద వాన, రెండు గంటలు కరెంటు లేదు అని. ఆ మాటను ఆమె రెండుసార్లు చదివేది. జవాబు మాత్రం తప్పు గురించే రాసేది. ‘మేము’ అని మొదలుపెట్టాక వాన సంగతి ఎలా అడగాలో తెలిసేది కాదు.

పుస్తకం అచ్చుకు పోతుందనగా ఆయన నంబరు అడిగి ఫోన్ చేశాడు. మంచి పని చేస్తున్నారని మెచ్చుకున్నాడు.

“మీ ఆఫీసుల ఎంతమంది ఉంటరు మేడం?” అని అడిగాడు.

“నలుగురం సార్,” అంది జ్యోత్స్న. ఎందుకలా అందో ఆమెకే తెలియలేదు.

నెల తర్వాత పార్సిల్ వచ్చింది. నాలుగు పుస్తకాలు. ముందుమాట చివర ‘పాతలిపి బృందంలోని నలుగురికీ కృతజ్ఞతలు’ అని ఉంది. ఒకటి బయట పెట్టుకుని మిగతా మూడూ బీరువాలో పెట్టింది.

తర్వాత ఆయన మళ్లీ ఫోన్ చేశాడు. కోదాడలో చుట్టాల పెళ్లి ఉందని, ఎట్లాగూ వస్తున్నాను కాబట్టి నలుగురినీ కలిసి పోతానని చెప్పాడు. రెండు రోజులు ఆమె లేని ముగ్గురి గురించే ఆలోచించింది. ఒకరు సెలవులో ఉన్నారని, ఒకరు హైదరాబాద్ వెళ్లారని చెప్పొచ్చు. మూడో రోజు తనే ఫోన్ చేసింది.

“సార్, ఇక్కడ ఆఫీసు లేదండి. నేనొక్కదాన్నే.”

“మరి నలుగురని ఎందుకన్నరు?”

“మీరు అడిగినప్పుడు ఒక్కదాన్నే అని చెప్పబుద్ధి కాలేదండి.”

ఆయన మందలించలేదు. అయినా వస్తానన్నాడు.

పెళ్లి భోజనం చేసి మూడింటికి వచ్చాడు. యాభై దాటిన, మెత్తగా మాట్లాడే మనిషి. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని సెంటరంతా ఒకసారి చూశాడు. ఇదంతా ఒక్కరే ఎట్లా చేశారని అడిగాడు. ఆమె టెంప్లేట్ తెరిచి, ప్రశ్నలకు జవాబులిస్తే పత్రాలన్నీ ఎలా వస్తాయో చూపించింది. ఆయన శ్రద్ధగా విన్నాడు. టీ తెప్పిస్తే తాగాడు. వానల గురించి అడగాలని ఆమెకు అనిపించింది, కానీ ఆయన గడియారం చూసుకున్నాడు.

లేచేటప్పుడు కొంచెం మొహమాటపడుతూ, “మేడం, మిగతా మూడు పుస్తకాలు గీడ ఊకెనే ఉంటయ్ గద. మా పిల్లలకు సాలుత లేవు. తీస్కపోనా?” అన్నాడు.

ఆమె బీరువా తెరిచి, దుమ్ము తుడిచి, కవరులో పెట్టి ఇచ్చింది. మిర్యాలగూడ బస్సు ఎక్కడ ఆగుతుందో బయటికొచ్చి చూపించింది.

ఇది జరిగి ఏడాదవుతోంది. పాతలిపిని ఇప్పుడు చాలామంది వాడుతున్నారు, వాళ్ల సంఖ్య ప్యాకేజీ పేజీలో కనబడుతుంది. తప్పులు దాదాపు లేవు కాబట్టి ఎవరూ రాయరు. మహేందర్‌కూ రాయాల్సిన పని లేకపోయింది. మొన్న జ్యోత్స్న ఇంకో పాత ఫాంటు కోసం రెండో ప్యాకేజీ మొదలుపెట్టింది. టెంప్లేట్ ఉంది కాబట్టి పది నిమిషాల్లో అంతా సిద్ధమైంది. ఆ మధ్యాహ్నం ఇంకా చాలా మిగిలింది.