ఆకుపచ్చ మనిషి

మొన్న సాయంత్రం కలకత్తా సాల్ట్ లేక్‌లోని ఆఫీసు నుంచి వచ్చిన మా అమ్మాయి చెప్పులు విప్పుతూనే ఫోన్ చూసి నిట్టూర్చింది. "మా బాస్ ఇంకా గ్రీన్‌లోనే ఉన్నాడమ్మా" అంది. నాకు అర్థం కాలేదు. పేరు పక్కన ఆకుపచ్చ చుక్క వెలుగుతుంటే ఆ మనిషి కంప్యూటర్ ముందు కూర్చున్నట్టట. తను నవ్వేసి స్నానానికి వెళ్లింది గానీ, నాకు మాత్రం పదమూడేళ్ల వయసులో ఆ మాటతో పడ్డ అవస్థ గుర్తొచ్చి, పొయ్యి మీద టీ పొంగిపోయింది.

అప్పుడు మేం కలకత్తా పక్కన బడ్జ్ బడ్జ్‌లో, జూట్‌మిల్లు కార్మికుల లైన్ ఇళ్లలో ఉండేవాళ్లం. జనపనార ధూళి పక్కబట్టల మీదా, అన్నం గిన్నె మీదా పడుతూనే ఉండేది. నాన్న నేత పనివాడు, ఎర్రజెండా యూనియన్‌లో పాత మనిషి. ఆదివారం పొద్దున చర్చికీ, సాయంత్రం యూనియన్ ఆఫీసుకూ ఒకే ఇస్త్రీ చొక్కాతో వెళ్లేవాడు. నాన్న తమ్ముడు, మా చిన్నాన్న, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి మిల్లులో మరమ్మతుల పనికి చేరి నెల కాలేదు. ఆ నెలలోనే యూనియన్ ఎన్నికలు దగ్గరపడ్డాయి. ఆకుపచ్చ రంగున్న జెండాలు పట్టుకుని అవతలి పార్టీవాళ్లు గేటు దాకా రావడం మొదలుపెట్టారు. టీ కొట్టు దగ్గర ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో అందరూ ఓరకంట చూసేవారు.

ఒకరోజు మధ్యాహ్నం చిన్నాన్న అన్నానికి వస్తూ ఒక చీటీ తెచ్చాడు. ఇంజనీరు సాహెబు రాసిచ్చాడట, తిరిగి వెళ్లాక మరమ్మతులు చూసే పెద్ద మిస్త్రీకి ఇవ్వాలట. "ఏటి రాసేడో సూడమ్మా, నువ్వు ఇంగ్లీషు బడికెళ్తావు గదా" అన్నాడు. ఇంట్లో ఇంగ్లీషు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. గొంతు సవరించుకుని చదివి అర్థం చెప్పాను: "ఈ మనిషి ఆకుపచ్చ. ఒంటరిగా వదలొద్దు. నమ్మకమైనవాణ్ని తోడుంచండి."

నాన్న చేతిలో ముద్ద ఆగిపోయింది. "ఆకుపచ్చ అనే రాసేడా?" అని అడిగాడు. అనే రాశాడు మరి. 'గ్రీన్' అని అక్షరాలు కూడా చెప్పాను.

"ఒరే, నిజం సెప్పు. ఆ పచ్చజెండావోళ్ల మీటింగుకెళ్లేవా?"

"నేదన్నా. నానెందుకెళ్తాను?"

నాన్న ముద్ద కంచంలో పడేసి లేచాడు. చిన్నాన్న చీటీ తీసుకుని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం నుంచి పెద్ద మిస్త్రీ చిన్నాన్న వెనకే తిరగడం మొదలైంది. యంత్రం దగ్గరకు వెళ్లినా, మంచినీళ్ల కుళాయి దగ్గరకు వెళ్లినా, "ఏకా జాబి నా" అంటాడట, ఒంటరిగా వెళ్లకని. మా అనుమానానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? చిన్నాన్న ఇంట్లోకి రాగానే నాన్న యూనియన్ మాటలు ఆపేసేవాడు. అమ్మ కూడా కూర వడ్డిస్తూ అతని ముఖంలో ఏదో వెతికేది. మూడోరోజు చిన్నాన్న పనిలో ఉండగా నాన్న అతని ట్రంకుపెట్టె తెరిచి బట్టలన్నీ దులిపాడు. బైబిలు, ఒక సబ్బు, నానమ్మ ఫొటో తప్ప ఏమీ లేవు. మళ్లీ సర్దిపెట్టాడు గానీ, ఫొటో తలకిందులుగా పెట్టాడు.

నిజానికి మొదటిరోజే నాకు లోపల ఏదో తేడాగా అనిపించింది. మనిషి ఆకుపచ్చగా ఉండడమేమిటి? బళ్లో టీచరమ్మను అడగొచ్చు. అడిగితే నాకు తెలియదని తెలిసిపోతుందని అడగలేదు. నాలుగోరోజు ఇక ఉండబట్టలేక చీటీ సంగతి చెప్పి అడిగాను. ఆవిడ నవ్వి, "ఆ మాటకు పండని కాయ అనీ, అసూయ అనీ కూడా అర్థాలున్నాయి. ఇక్కడ మాత్రం పని తెలియని కొత్తవాడని. యంత్రాల దగ్గర చెయ్యి పోగొట్టుకుంటాడని జాగ్రత్త చెప్పారు" అంది.

పరుగున ఇంటికి వచ్చేసరికి పెట్టె లేదు. చిన్నాన్న పెట్టెలో తలకిందులైన ఫొటో చూసి, హౌరా వెళ్లి ఊరి రైలెక్కుతానని పోయాడని అమ్మ చెప్పింది. నాన్నా నేనూ బడ్జ్ బడ్జ్ స్టేషన్‌కు పరుగెత్తాం. లోకల్ రైలు ఇంకా రాలేదు. ప్లాట్‌ఫారం చివర పెట్టె మీద కూర్చుని ఉన్నాడు.

"ఒరే, పచ్చ కాదంటరా! పచ్చివోడివంట! పని రానోడివని రాసేడంట!" అని నాన్న రొప్పుతూ నవ్వబోయాడు.

చిన్నాన్న నవ్వలేదు. "ఆ సాహెబుకి నానెవుడో తెల్దన్నా. నీకు తెల్దా?" అన్నాడు.

నేను తప్పు చెప్పానని ఏడుస్తుంటే చిన్నాన్న నా తల మీద చెయ్యివేసి, "నీదేటుందమ్మా, నువ్వు ఉన్నదే సదివేవు" అన్నాడు. రైలు వచ్చింది, వెళ్లింది. అతను ఎక్కలేదు. మిల్లులోనే ఉండి, మంచి మిస్త్రీ అయ్యాడు. కానీ ఆ వారమే వేరే గది తీసుకున్నాడు. పండుగలకు వచ్చేవాడు, అన్నా అని పిలిచేవాడు, పెట్టింది తిని మర్యాదగా వెళ్లేవాడు. నాన్న పోయేవరకూ అలాగే వచ్చాడు.

టీచరమ్మను నేను మొదటిరోజే అడిగి ఉంటే ఏమయ్యేదో తెలియదు. ముప్ఫై ఏళ్లకు పైగా గడిచాయి. ఆ మూడు రోజులు మాత్రం నాకు ఇంకా నిన్నా మొన్నల్లోనే ఉన్నాయి.