గుమ్మం దగ్గర ఆగే నడక

ఆ రోజు పొద్దున ఆ ఇంటి తలుపు కొట్టినవాళ్లు ఇద్దరు. ఒకామె ఆసుపత్రిలో నర్సు. రెండో ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరైన పెద్దాయన. వాళ్లిద్దరికీ చుట్టరికం లేదు, ఒకే వీధివాళ్లూ కాదు. ఒకే సీరియల్ మీద ప్రాణం పెట్టుకున్నారు, అంతే. అది అయిపోయి రెండేళ్లు దాటినా మళ్లీ మొదటినుంచీ చూసుకుంటూ కూచునే గుంపొకటి ఉంది. అందులో వీళ్లు పెద్ద తలకాయలు.

"చప్పుళ్లాయన ఇల్లు ఇదేనామ్మా?" అన్నాడు కండక్టరు.

"ఇదే. ఆయన లేరండీ," అంది తలుపు తీసినావిడ. ఎనిమిది నెలలైనా ఆ మాట నోటికి కుదరడం లేదు. ఏదో పని మీద బయటికెళ్లిన మనిషి గురించి చెప్పినట్టే వస్తుంది.

"తెలుసమ్మా. మీకోసమే వచ్చాం."

నాకోసమా! అనుకుంది ఆమె. పెళ్లై వచ్చిన దగ్గర్నుంచీ ఆమెని వెతుక్కుంటూ వచ్చింది పాలాయనా, ఇస్త్రీ బట్టలాయనా తప్ప మరొకరు లేరు. గబగబా కుర్చీలు జరిపింది. పక్క వాటాలో ఉండే వదిన, అంటే ఆయన అక్క, కొత్త గొంతులు వినబడగానే అల్లుతున్న స్వెటరు చంకలో పెట్టుకుని వచ్చి కూచుంది. ఆ ఇంట్లో ఏం జరిగినా ఆవిడ లేకుండా జరగదు.

చప్పుళ్లాయన అన్నది స్టూడియోవాళ్లు పెట్టిన పేరు. షూటింగులో మాటలు బాగానే పడతాయి గానీ, అడుగుల చప్పుడూ, తలుపు గడియ చప్పుడూ సరిగ్గా పడవు. తెర మీద బొమ్మ చూస్తూ వాటన్నిటినీ మళ్లీ చెయ్యాలి. ఆ పని ఆయనది. ఒక రాతి పలక, ఒక ఇసుక పళ్లెం, సంచీడు పాత సామాను పెట్టుకుని కిటికీ లేని గదిలో బతుకంతా గడిపారు. సీరియల్లో బామ్మ రాకముందే బామ్మ అడుగులు వినబడేవి. కోడళ్లు నోళ్లు మూసుకునేవారు. ఆ అడుగులు బామ్మ వేషం వేసినావిడవి కావు. ఆరడుగుల మనిషి చిన్న చెప్పుల్లో మునివేళ్లు ఇరికించుకుని నడిచిన నడక అది.

కండక్టరు సంచీలోంచి పొడుగాటి నోటుపుస్తకం తీశాడు. "వచ్చే ఆదివారం మేమందరం ఒక హాల్లో కలుస్తున్నామమ్మా. తెర మీద ఒక్కసారి కూడా పేరు పడనివాళ్ల పేర్లన్నీ బోర్డు మీద రాయించి, ఒక్కొక్కటీ పైకి చదువుతాం. చదివినప్పుడల్లా అందరం లేచి నిలబడతాం. లైట్లు మోసినవాళ్లు, జాకెట్లు కుట్టినావిడ, సీరియల్లో కనబడే ఉత్తరాలు రాసిపెట్టినాయన... నలభై మూడు పేర్లు తేలాయి. చప్పుళ్ల దగ్గర చిక్కుపడ్డాం."

"చిక్కేంటి? చేసింది మా తమ్ముడు. స్తంభాన్నడిగినా చెబుతుంది," అంది వదిన.

"స్టూడియోలో కాగితం ముక్క లేదండీ," అంది నర్సు. "రికార్డింగు మిషను దగ్గర కూచునే ఆయనేమో చాలామంది చేశారు, ఎవరెవరో గుర్తులేదు అన్నాడు. తప్పు పేరు చదివితే అసలు మనిషి ఉసురు తగులుతుంది. అందుకే, ఖాయమైతే తప్ప రాయకూడదని ఒట్టు పెట్టుకున్నాం."

మనిషి ఎలాగూ రాడు. పేరైనా నలుగురిలో ఒక్కసారి వినబడుతుందనుకుంటే అదీ చేజారేలా ఉంది. ఆమె లోపలికెళ్లి, మంచం కింద నుంచి ఆయన సంచీ ఈడ్చుకొచ్చింది.

ముందు నల్ల గొడుగు తీసి ఫటఫటా తెరిచి మూసింది. నర్సు కుర్చీలోంచి సగం లేచింది.

"పావురం! మేడ మీద చిన్నకోడలు ఏడుస్తుంటే ఎగిరిపోయిన పావురం!"

"నేను నిజం పావురమే అనుకున్నా. పాపం, గూడు ఎక్కడుందో అని బాధపడ్డా కూడా," అన్నాడు కండక్టరు.

"గొడుగు మీద జాలిపడ్డవాణ్ణి ఇప్పుడే చూడటం," అంది వదిన.

తోలు బెల్టు మెలిపెడితే సీరియల్లో తాతగారి మంచం కిర్రుమంది. కండక్టరు ఒక్కొక్కటీ తనూ చేసి చూసి, చిన్నపిల్లాడిలా మురిసిపోయి, చివరికి సంచీ తలకిందులు చేశాడు.

"బామ్మ చెప్పులేవమ్మా?"

"ఎక్కడో ఉంటాయండీ," అంటూ ఆమె చీర కుచ్చిళ్లు కిందికి లాక్కుంది. చెప్పులు ఆమె కాళ్లకే ఉన్నాయి. ఆయన పోయాక నేల చల్లగా ఉందని ఓ రోజు ఇంట్లో వేసుకుంది. మళ్లీ విప్పబుద్ధి కాలేదు.

"సరే, ఒక్కటి అడుగుతాం. దాంతో తేలిపోతుంది," అన్నాడు కండక్టరు. "రెండువందల అరవయ్యో ఎపిసోడ్ నుంచి బామ్మ నడక మారింది. అంతకుముందు టకటకా వచ్చేసేది. ఆ తర్వాత కుడికాలు కొంచెం ఈడుస్తుంది. పైగా గుమ్మం బయట ఒక్క క్షణం ఆగి, అప్పుడు లోపలికొస్తుంది. ఎందుకాగుతుందని మాలో రెండు పార్టీలున్నాయి. లోపలి మాటలు వినడానికని నేనంటాను. ఈవిడేమో ఆయాసమంటుంది."

"నర్సుని కదండీ, నాకు అందరూ పేషెంట్లలాగే కనబడతారు," అంది నర్సు. "మా అనుమానం ఏంటంటే, ఆ నడక వేరే మనిషిదని. అలాగైతే ఆయన పేరొక్కటే ఎలా రాస్తాం?"

అవునంటే పేరు కొట్టేస్తారేమోనని ఆమె భయం.

"వేరే ఎవరూ లేరండీ. పాత చెప్పులు అరిగిపోతే కొత్తవి కొన్నారు, అంతే."

అబద్ధమాడటం చేతకాని మనిషి. మంచినీళ్లు తెస్తానంటూ వంటింట్లోకి పారిపోయింది.

నాలుగు గ్లాసులు పళ్లెంలో పెట్టుకుని తిరిగొస్తుంటే కండక్టరు గొంతు వినబడింది. "చెప్పులు మారితే చప్పుడు మారాలి గానీ, ఆగడం ఎక్కణ్ణించి వస్తుంది?" ఆమె కర్టెను ఇవతలే నిలబడిపోయింది. ఒకరి మాట సాగుతుంటే మధ్యలో గదిలోకి అడుగుపెట్టడం ఆమెకి ఏనాడూ చేతకాలేదు.

అంతలో అవతల మాట ఠక్కున తెగింది. ఏమైందా అని తొంగిచూస్తూ లోపలికొచ్చింది. కండక్టరు లేచి నిలబడి ఉన్నాడు. నర్సు ఆమె పాదాలకేసే చూస్తోంది.

"బామ్మ! అచ్చం బామ్మే," అంది నర్సు.

ఆమె పళ్లెం కింద పెట్టింది. ఇక దాచి లాభం లేదు.

"ఆయనకి దగ్గు పట్టుకుందండీ. నాలుగడుగులేస్తే ఆయాసం. అది కూడా మిషనులో పడిపోయేది. పని పోతుందని భయపడి, క్యారేజీ తెచ్చాననే వంకతో నన్ను ఆ గదిలోకి తీసుకెళ్లేవారు. ఆయన చెయ్యెత్తితే నడవాలి, దించితే ఆగాలి. కాలీడ్చడం నా చిన్నప్పటి దెబ్బ. గుమ్మం దగ్గర ఆగడం నా అలవాటు. మొదటిరోజు పొరపాటున ఆగిపోయి, మళ్లీ నడుస్తానన్నాను. వద్దు, ఉండనీ, అదే బాగుందన్నారు. ఎందుకు బాగుందో చెప్పలేదు." నోటుపుస్తకంకేసి చూసింది. "మిగతా చప్పుళ్లన్నీ ఆఖరిదాకా ఆయనవేనండీ. కూచునే చేశారు. పేరు కొట్టెయ్యకండి."

"కొట్టెయ్యడమేంటమ్మా! ఆగిన కారణంతో సహా ఖాయమైపోతేనూ," అన్నాడు కండక్టరు. నోటుపుస్తకంలో చప్పుళ్లు అన్నచోట ఆయన పేరు రాశాడు. దాని కింద బామ్మ నడక అని రాసి, "మీ పేరు చెప్పండి" అన్నాడు. ఆమె ఎంత మెల్లిగా చెప్పిందంటే, రెండుసార్లు అడగాల్సి వచ్చింది. రాసుకున్న రెండు పేర్లూ పైకి చదివి వినిపించాడు. నర్సు లేచి నిలబడింది. వదిన కూడా, మోకాళ్ల నొప్పులని మూలుగుతూనే, లేచింది.

వాళ్లు వెళ్లిపోయాక వదిన నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"అయితే ఇన్నేళ్లూ కర్టెను వెనక నిలబడి మా మాటలు విన్నావన్నమాట! ఏం విన్నావే?"

"ఏముంది వదినా, కూరలో ఉప్పెక్కువైందనీ, నన్ను కదిపితే గోడతో మాట్లాడినట్టుందనీ..."

"అంతేనా? బతికిపోయావు." వదిన నవ్వి, మళ్లీ నవ్వాపుకుంది. "నువ్వు వంటింట్లోంచి కదిలితే చాలు, వాడు చెవి రిక్కించేవాడు. వస్తోంది... వచ్చింది, ఆగింది, ఇక మాట మార్చండి అనేవాడు. మేం చచ్చినట్టు వాన గురించి మాట్లాడుకునేవాళ్లం."

"ఆయనకి తెలుసా, ఆగుతానని?"

"రోజూ తెలుసు."

ఆమె ఖాళీ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్లి, కడిగి బోర్లించి, చేతులు తుడుచుకుంటూ తిరిగొచ్చింది. కర్టెను ఇవతల కాళ్లు వాటంతటవే ఆగాయి. లోపల అల్లిక సూదుల చప్పుడు కూడా ఆగింది.

"వచ్చింది, ఆగింది," అంది వదిన.