తొమ్మిదో చెరువు చెక్‌సమ్

మా బావగారి రొయ్యల చెరువులో పంట పోయిన సంగతి చుట్టాలందరికీ తెలుసు. కాపలా మనిషి నిద్రపోవడం వల్లే పోయిందని కూడా అందరికీ తెలుసు. చెరువు మీద నిద్రపోయాడన్న పేరు ఒకసారి వచ్చిందంటే నరసాపురం చుట్టుపక్కల ఆ మనిషికి ఇంకెవరూ కాపలా పని ఇవ్వరు. ఏళ్ళ తరబడి గట్ల మీదే బతికినవాడు, ఆ పంట తర్వాత ఇంట్లో కూర్చున్నాడు. మేత చల్లడానికి కూడా ఎవరూ పిలవలేదని మా అక్క ఒకసారి ఫోన్లో మాటల మధ్య చెప్పింది.

చిన్న చిన్న యంత్రాల్లో ఉండే ప్రోగ్రాములు రాయడం నా పని. రాజమండ్రిలో ఇంట్లో కూర్చునే చేస్తాను. మా అక్క అత్తవారి వైపు దీన్ని కంప్యూటర్ రిపేరు అంటారు. ప్రింటర్ పని చేయకపోయినా, టీవీలో బొమ్మ రాకపోయినా నాకే ఫోను. అందుకే ఈ ఏడాది కొత్త పంట వేశాక బావగారు ఫోన్ చేసి, "డిస్‌ప్లేలో అప్పుడప్పుడూ పిచ్చి నంబర్లు వస్తున్నాయమ్మా, ఒకసారి చూసి పెట్టు" అంటే విసుక్కుంటూనే బయల్దేరాను. రావులపాలెంలో అరటి గెలల లారీల వెనక ఇరుక్కుని ఇంకాస్త విసుక్కున్నాను.

నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే సెన్సర్ ప్రతి చెరువులోనూ ఒకటి ఉంటుంది. అది కొలిచిన అంకె గట్టు మధ్యనున్న పెట్టెకీ, అక్కణ్ణించి షెడ్డులో ఉన్న డిస్‌ప్లేకీ వస్తుంది. ఆక్సిజన్ మూడు కంటే తగ్గి, వరుసగా కొన్ని రీడింగులు అలాగే వస్తే అలారం మోగుతుంది. మోగగానే కాపలా మనిషి వెళ్ళి నీళ్ళు చిలికి గాలి కలిపే ఏరేటర్లు మిగతావి కూడా వేయాలి. అన్నీ ఎప్పుడూ తిప్పుతూ ఉంటే కరెంటు బిల్లు తట్టుకోలేరు. పోయిన పంటలో, బాగా మబ్బు పట్టిన రోజు గడిచి తెల్లారేసరికి చివరి చెరువులో రొయ్యంతా గట్టు వారన చచ్చి పడి ఉంది. అలారం మోగలేదన్నాడట అతను. అన్ని చెరువులకీ మోగేది ఆ ఒక్కదానికే ఎందుకు మోగదని అందరూ కసిరారట.

షెడ్డులో మేత బస్తాల మీద లాప్‌టాప్ పెట్టి, డిస్‌ప్లేకి వచ్చే ప్యాకెట్లు, అంటే అంకెల కట్టలు, చూడడం మొదలుపెట్టాను. బావగారు కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నారు. సెన్సర్ తన చెరువు నంబరుతో సహా తను పంపే అంకెలన్నీ కూడి ఆ మొత్తాన్ని చివర తగిలిస్తుందనీ, అందుకునే డిస్‌ప్లే మళ్ళీ కూడి చూసుకుని, కలవకపోతే దారిలో ఏదో చెడిందని పారేస్తుందనీ, ఆ చివరి అంకెనే చెక్‌సమ్ అంటామనీ చెప్పాను.

"మా కారు నంబరు కూడితే తొమ్మిది రావాలని చూసుకున్నాం కదమ్మా, అలాగన్నమాట" అన్నారాయన. అలాగే అన్నాను.

ఏడు చెరువుల లెక్క సరిగ్గానే ఉంది. చివరి చెరువుది మాత్రం వచ్చిన ప్రతి ప్యాకెట్లోనూ చెక్‌సమ్ ఉండాల్సినదాని కంటే ఒకటి తక్కువ. తడికో ఉరుముకో చెడితే ఒక్కోసారి ఒక్కోలా చెడుతుంది. ప్రతిసారీ కచ్చితంగా ఒకటే తగ్గుతోందంటే అది మనిషి చేసిన పని. తెర మీద చెరువుల నంబర్లు చూస్తే ఏడు తర్వాత తొమ్మిది ఉంది.

"ఎనిమిది చెరువులే కదండీ బావగారూ, ఈ తొమ్మిదేంటి?" అని అడిగాను.

ఆయన నవ్వారు. "ఎనిమిది శని నంబరమ్మా. మనకి అచ్చిరాదు. బిగించేటప్పుడే షాపువాళ్ళతో చెప్పి మార్పించాను."

అప్పటికప్పుడు షాపుకి ఫోన్ చేశాను. బిగించినతను దాచుకోకుండా చెప్పాడు. సెన్సర్‌కి సీలు ఉంది కాబట్టి విప్పలేదట. ఎనిమిది వస్తే తొమ్మిది చేసి పంపమని మధ్య పెట్టెలో రాశాడట. మొత్తం మళ్ళీ కూడాలన్న ఆలోచన రాలేదు. దాంతో డిస్‌ప్లే ఆ చెరువు ప్యాకెట్లన్నీ పారేసింది. అప్పుడైనా బుర్ర పెట్టాడా అంటే లేదు. తొమ్మిదో నంబరుకి చెక్‌సమ్ చూడొద్దని డిస్‌ప్లేలో ఇంకో లైను రాసి చక్కా పోయాడు. తాళం పట్టలేదని తలుపే పీకేసినట్టు. "రీడింగ్ వస్తోంది కదండి మేడమ్" అన్నాడు. నాకు ఒళ్ళు మండి ఫోన్ పెట్టేశాను.

ఆ తర్వాతే నాకు భయం వేసింది. డేటా వైరు ఏరేటర్ మోటార్ల వైర్ల పక్కనే లాగి ఉంది. మోటార్లు తిరుగుతుంటే అంకెలు దారిలో చెడతాయి. చెక్‌సమ్ చూసే చెరువులకి ఆ చెడినవాటిని డిస్‌ప్లే పారేస్తుంది, నష్టం లేదు. చూడని చెరువుకి అవి నిజమైన రీడింగులైపోతాయి.

నీళ్ళు కాచి చల్లార్చి బకెట్లో పోయించాను. కాచిన నీళ్ళలో ఆక్సిజన్ పెద్దగా ఉండదు. మోటార్లు వేయించి, ముందు ఏడో చెరువు సెన్సర్ అందులో ముంచాం. కాసేపటికే అలారం మోగింది. తర్వాత తొమ్మిదోది ముంచాం. ఒకటి పాయింట్ తొమ్మిది, మళ్ళీ అదే, మళ్ళీ అదే, ఇక మోగుతుందనగా ఉన్నట్టుండి ఐదు పాయింట్ ఒకటి. నీళ్ళు బాగున్నాయనుకుని అలారం లెక్క మొదటికి వచ్చింది. మళ్ళీ ఒకటి పాయింట్ తొమ్మిది. ఇంకో తప్పుడు ఐదు. ఎంతసేపు నిలబడ్డా మోగలేదు. బావగారు కూడా నాతోపాటే నిలబడి చూశారు.

"అతను నిజమే చెప్పాడండి" అన్నాను.

ఆయన మోటార్లు ఆపించారు. బకెట్ నీళ్ళు తనే పారబోశారు.

"ఇప్పుడిది బయటపెడితే ఏమవుద్దమ్మా? రొయ్య తిరిగొస్తుందా? నంబరు పిచ్చితో చెరువు చంపుకున్నాడని నన్ను చూసి నవ్వుతారు. నువ్వు అది సరిచేసి పెట్టు, చాలు."

సరిచేశాను. చేస్తున్నంతసేపూ ఆయన మొహం చూడబుద్ధి కాలేదు. అన్నం తినమని అక్క పిలిచినా ఉండకుండా, దారి అడుగుతూ ఆ కాపలా మనిషి ఇంటికి వెళ్ళాను.

అతను వరండాలో కూర్చుని ఉన్నాడు. భార్య అప్పుడే రొయ్యల ఫ్యాక్టరీలో తలలు తీసే పని నుంచి వచ్చి, ఐస్‌కి పాలిపోయిన వేళ్ళకి కొబ్బరినూనె రాసుకుంటోంది. ఇల్లు ఇప్పుడు ఆమె జీతం మీదే నడుస్తోందని చూస్తేనే తెలుస్తోంది. నేనెవరో చెప్పి, చూసిందంతా చెక్‌సమ్ గొడవ లేకుండా చెప్పాను. ఆ అలారం మోగలేదు, అది మోగే స్థితిలో లేదు, మీ తప్పేమీ లేదు అన్నాను.

"అయితే మోగలేదన్నమాటండి" అన్నాడతను, ఆ సంగతి కొత్తగా వింటున్నట్టు.

"మొదటినుంచీ మీరే కదండీ ఆ మాట చెప్పింది?"

"చెప్పానండి. అంతమంది కాదంటుంటే తర్వాత్తర్వాత నాకే అనుమానం వచ్చిందండి. కునుకు పట్టిందేమో, మోగే ఉంటుందేమోనని. చివరికి నిద్రపోయాననే ఒప్పేసుకున్నానండి."

ఎవరు చెప్పమంటే వాళ్ళకి నేను చెప్తానన్నాను, చెరువులవాళ్ళ దగ్గరికి కూడా వచ్చి చెప్తానన్నాను. అతను తల ఊపాడు గానీ ఎవరి పేరూ చెప్పలేదు. భార్య నూనె సీసా మూత పెట్టకుండా అలాగే పట్టుకుని ఉంది. నాతో అంది:

"ఆ పొద్దున మీ బావగారు అందరి ముందూ ఈయన్ని చెంప మీద కొట్టారండి. నేనక్కడే ఉన్నాను. ఇంకోటి కొట్టండి బాబుగారూ, అప్పుడైనా బుద్ధొస్తుంది అన్నానండి."