తెల్ల బ్రీచెస్‌కి పెట్టిన పసుపు

గుర్రం ఎక్కడం నాకు ఏడాది తిరక్కుండానే వచ్చేసింది. గుర్రం ఎక్కేవాళ్ళ బట్టలే మా ఇంటికి అచ్చిరాలేదు.

మా నాన్న గుర్‌గావ్‌లో ఒక విదేశీ కంపెనీలో మేనేజరు. తన బాసు కూతురు ఢిల్లీ పొలిమేరల్లో ఒక క్లబ్బులో ఇంగ్లీషు పద్ధతి స్వారీ నేర్చుకుంటోందని విన్న రోజే నా ఆదివారాలన్నీ ఖరారైపోయాయి. నీకిష్టమేనా అని నన్నెవరూ అడగలేదు. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. ఇష్టంగా వెళ్తున్న డ్రాయింగ్ క్లాసు మానిపించి గుర్రాల దగ్గరికి పంపించాడు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు అని అమ్మ వంటింట్లో గొణిగింది. ఆ వాత ఎవరి ఒంటి మీద పడబోతోందో అప్పటికి ఆవిడకీ తెలీదు.

ఆ క్లబ్బులో ఒక బూడిదరంగు ఆడగుర్రం ఉండేది. దానికి మనుషులంటే ఒళ్ళుమంట. జీను వేయబోతే చెవులు వెనక్కి పెట్టి పళ్ళు చూపించేది. బాసు కూతుర్ని ఒకసారి కింద పడేసింది కూడా. నేను దగ్గరికి వెళ్తే మాత్రం మూతి నా భుజం మీద ఆనించి పెద్దగా ఊపిరి వదిలేది. స్కూల్లో నన్ను మద్రాసీ అనేవాళ్ళు. ఇంట్లో నాన్న మార్కులు తప్ప ఇంకేమీ అడిగేవాడు కాదు. నేను కనపడితే సంతోషించే ప్రాణి వారానికి ఒకసారి అక్కడ దొరికేది. దాన్ని ప్రేమించాను. ఆ మాట చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

చలికాలం చివర క్లబ్బులో పోటీలు పెడతారు. ఏ గుర్రాన్ని ఎవరు బాగా నడిపితే, వచ్చే ఏడాదంతా ఆ గుర్రం వాళ్ళది. కోచ్ సైన్యంలో పనిచేసి రిటైరైన మనిషి. ఒకరోజు నన్ను పిలిచి, బూడిద గుర్రాన్ని నువ్వే నడుపుతావు అన్నాడు. ఆ రోజంతా నా కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆయన ఇంకో మాట కూడా చెప్పాడు. పూర్తి డ్రెస్సు లేనిదే పోటీ మైదానంలోకి రానివ్వరు, మరక కనపడినా అంతే. అప్పటిదాకా నేను స్కూలు ట్రాక్ ప్యాంటుతో, పదిమంది చెమటవాసన పట్టిన క్లబ్బు హెల్మెట్‌తో నెట్టుకొచ్చాను.

డ్రెస్సు అన్న మాట వినగానే నాన్నకి పండగొచ్చింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. ఆఫీసు కంప్యూటర్లో చూసొచ్చి, ఏ దేశపు బూట్లు మంచివో, చేతి తొడుగులకి ఏ తోలు వాడతారో అన్నం తింటూ చెప్పేవాడు. కంటోన్మెంట్ వైపు గుర్రాల సామాను అమ్మే దుకాణం ఒకటి ఉంటే అక్కడికి నన్ను తీసుకెళ్ళాడు. అమ్మ కూడా వస్తానంది. "నీకక్కడేం తెలుస్తుంది?" అని ఆపేశాడు. క్లబ్బుకి రాకుండా ఆపిందీ ఆ మాటతోనే.

హెల్మెట్ పెట్టుకున్నాక, పట్టీ బిగించకుండా తల ఊపి చూడాలి. దాంతోపాటు కనుబొమలు కూడా కదిలితే సరిపోయినట్టు. నాకు సరిపోయింది మామూలు నల్లది. నాన్న చూపు ముఖమల్ గుడ్డ తొడిగిన దాని మీద ఉంది. బాసు కూతురిది అలాంటిదే మరి. అది పెట్టుకుంటే కళ్ళ మీదకి జారింది. "పర్లేదులే, పెరిగే పిల్లవి" అన్నాడు. "తల పెరగదు నాన్నా" అన్నాను. ఆ రోజు నేను నెగ్గిన వాదన అదొక్కటే.

బూట్లకి మడమ ఉండాలి. లేకపోతే పడ్డప్పుడు పాదం, అది ఆనించే రికాబులోకి దూరి ఇరుక్కుంటుంది, గుర్రం మనిషిని ఈడ్చుకుపోతుంది. చీలమండ దాకా వచ్చే పొట్టి బూట్లు, పిక్కలకి చుట్టుకునే తోలు పట్టీలు నాకు చాలు. నాన్న మోకాళ్ళ దాకా వచ్చే పొడుగు బూట్లు కొన్నాడు. ఆ కొత్త తోలు మోకాలి వెనక కోసుకుపోయేది. మెత్తబడాలంటే ఇంట్లో వేసుకు తిరగాలన్నారు. పైజామా మీద ఆ బూట్లు తొడుక్కుని కూర్చుని లెక్కలు చేసుకునేదాన్ని. అమ్మ నవ్వలేక చచ్చేది.

ఇక బ్రీచెస్. ఒంటిని అతుక్కుని ఉండే ప్యాంటు. జీను మీద జారకుండా మోకాళ్ళ లోపలి వైపు మెత్తటి తోలు ముక్కలు కుట్టి ఉంటాయి. లేత రంగు ఏదైనా పర్లేదని కోచ్ ముందే చెప్పాడు. నేను గోధుమరంగుది చేతిలోకి తీసుకున్నాను. దుమ్ము పడినా కనపడదని నా ఆలోచన.

"ఆ అమ్మాయిది తెలుపు" అన్నాడు నాన్న.

"కోచ్ సర్ ఏదైనా ఓకే అన్నారు."

"తెలుపే తీసుకో. సైజు కూడా ఇద్దరిదీ ఒకటే."

సైజు సంగతి ఆయనకి బాగానే తెలుసు. అంతకుముందు వారమే క్లబ్బులో మా ఇద్దర్నీ వీపుకి వీపు ఆనించి నిలబెట్టి, బాసు ముందు నవ్వుతూ కొలిచి చూశాడు. నల్ల కోటు దర్జీ దగ్గర కుట్టించాడు. జీను మీద కూర్చున్నప్పుడు ముడతలు పడకుండా ఆ కోటుకి వెనక చీలికలు ఉంటాయి. అవెందుకు పెట్టారా అనుకున్నాను గానీ, అవే నా కొంప ముంచుతాయనుకోలేదు.

మా అమ్మది తెనాలి వైపు. కొత్తబట్టని దేవుడి దగ్గర పెట్టి, ఒక మూల పసుపు చుక్క అద్దనిదే ఒంటి మీద వేయనిచ్చేది కాదు. నా స్కూలు చొక్కాల కాలరు లోపల పసుపు ఉండేది. నాన్న ఆఫీసు చొక్కాలకి కింది అంచున ఉండేది. ఆయన చొక్కా లోపలికి దోపుకుంటాడు కనక అది ఏ మీటింగులోనూ ఎవరి కంటా పడలేదు. ఆయనా ఎప్పుడూ వద్దనలేదు.

పోటీ రోజు పొద్దున్నే అమ్మ కోటుకీ చొక్కాకీ లోపలి వైపు పసుపు పెట్టింది. బ్రీచెస్ చేతిలోకి తీసుకుని ఇటూ అటూ తిప్పి చూసింది. ఎక్కడ చూసినా తెలుపే. చివరికి వెనక భాగంలో, లోపలి కుట్టు దగ్గర అద్దింది. వేసుకుంటే అక్కడ తడి తగిలింది.

"అక్కడెందుకు పెట్టావమ్మా?"

"గుర్రం మీద కూర్చునేదేగా. కిందకి పోద్ది, ఎవరికి కనపడుద్ది?"

తిరుగులేని లెక్క. ఒక్క విషయమే ఆవిడకి తెలీదు. గుర్రం దుడుకు నడకలో ఉన్నప్పుడు ఇంగ్లీషు స్వారీలో కూర్చుని ఉండరు. దాని అడుగుల్ని బట్టి జీను మీంచి లేచి కూర్చుంటూ, మళ్ళీ లేస్తూ ఉంటారు. ఒక్క ఆదివారం క్లబ్బుకి తీసుకొచ్చి ఉంటే అమ్మ చూసేది. నేను మాత్రం అవేవీ ఆలోచించకుండా "ఠీక్ హై" అన్నాను.

ఆ రోజు అమ్మ కూడా వచ్చింది. కుటుంబాలతో రమ్మన్నారు కనక నాన్నకి తప్పలేదు. జరీ అంచు చీర కట్టుకుని కంచె పక్కన ఒక్కత్తే నిలబడింది. నాన్న టెంటు కింద బాసు పక్కన కాఫీ తాగుతున్నాడు. బాసు కూతురు వంతు అప్పటికే అయిపోయింది. ఆ అమ్మాయి జీన్స్‌లోకి మారి, బ్రీచెస్ సంచిలో పడేసి సమోసా తింటోంది.

పోటీకి ముందు అందరం గుర్రాల్ని కాసేపు తిప్పుతున్నాం. బూడిద గుర్రం హుషారుగా ఉంది. నేను లేస్తూ కూర్చుంటూ ఉంటే కోటు చీలిక తెరుచుకుంటోంది. నా వెనక వస్తున్న అమ్మాయి అరిచింది.

"అరే, తేరీ ప్యాంట్ పే కుఛ్ పీలా లగా హై!"

చెమటకి పసుపు బయటికి ఊరింది. గుర్రాన్ని అక్కడ వాటిని చూసుకునే సాయీస్‌కి అప్పగించి కుళాయి దగ్గరికి పరిగెత్తాను. అక్కడ గుర్రపు జీనులు కడిగే సబ్బు ఉంటే దాంతోనే బరబరా రుద్దాను. పసుపుకి సున్నం తగిలినా సబ్బు తగిలినా ఎర్రబడుతుందని తెనాలిలో పెరిగిన పిల్ల ఎవరైనా చెబుతుంది. నేను వాషింగ్ మెషీన్ ఉన్న ఇంట్లో పెరిగాను. మెడ తిప్పి చూసుకుంటే తెల్ల ప్యాంటు వెనక, ఎక్కడ ఉండకూడదో సరిగ్గా అక్కడ, ఎర్రటి మరక. ఎంత రుద్దితే అంత పాకింది.

కోచ్ వచ్చాడు. చూసి, వెంటనే చూపు పక్కకి తిప్పుకున్నాడు.

"ఇట్స్ ఓకే బేటా. ఐసా హోతా హై. ఘర్ జావో, ఆరామ్ కరో."

"సర్, వో నహీ హై. హల్దీ హై." ఆయన అనుకున్న నెలసరి కాదు, పసుపని చెప్పబోయాను.

"హల్దీ?"

టెంటు కింద ఆడవాళ్ళు ఇటు తిరిగారు. ఎవరో అమ్మాయి కిసుక్కున నవ్వింది. వాళ్ళ వంటిళ్ళలో పసుపు లేదా? ఉంది. వాళ్ళ బట్టల మీద కూరలో పసుపు పడి, ఉతికితే ఎర్రబడి ఉండదా? ఉండే ఉంటుంది. కానీ ఒక ఆడపిల్ల ప్యాంటు వెనకకి పసుపెందుకు వెళ్తుందో వాళ్ళకి అందలేదు, అడగాలనీ అనిపించలేదు. దానికన్నా తాము అనుకున్నదే వాళ్ళకి తేలిగ్గా నమ్మబుద్ధయింది.

అమ్మ పరిగెత్తుకొచ్చింది. నన్ను చూడగానే అర్థమైపోయింది. "అయ్యో తల్లీ, సబ్బు పెట్టావా?" అని కోచ్ వైపు తిరిగి, "హల్దీ సార్... సాబున్ లగాతో... లాల్..." అంది. ఆవిడ హిందీ కూరగాయల బండి దగ్గర సరిపోయేది. ఇక్కడ సరిపోలేదు. ఆయన మర్యాదగా తలాడించి వెళ్ళిపోయాడు.

అప్పుడు అమ్మ సరాసరి టెంటు కిందకి నడిచింది. వెనకే నేను, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని.

"ఏవండీ, మన పిల్లకి ప్యాంటు ఎర్రబడింది. పసుపే. ఆ అమ్మాయిది సంచిలో ఉందిగా, తన వంతు అయిపోయింది. ఒకసారి అడగండి."

నాన్న నన్ను చూశాడు. అది పసుపని ఆయనకి తెలుసు. సబ్బు తగిలితే ఎర్రబడుతుందని కూడా తెలుసు. పైగా ఆయన ఇంగ్లీషుకి ఆఫీసంతా ముచ్చటపడేది. ఒక్క మాట చాలు. కానీ ఆ మాట అడగాలంటే మా ఇంట్లో కొత్తబట్టలకి పసుపు పెడతామని చెప్పుకోవాలి.

బాసు కప్పు కింద పెట్టి, "ఎవ్రీథింగ్ ఆల్‌రైట్?" అన్నాడు.

నాన్న నవ్వాడు. "యా, యా. షీ ఈజ్ నాట్ వెల్."

అని అమ్మ వైపు చూడకుండా, తెలుగులో, పెదాలు కదిలీ కదలకుండా, "దాన్ని తీసుకెళ్ళి కార్లో కూర్చోబెట్టు" అన్నాడు.

కారు అద్దంలోంచి మైదానం కనపడుతూనే ఉంది. మైకులో నా నంబరు పిలిచారు. మళ్ళీ పిలిచారు. తర్వాత బూడిద గుర్రాన్ని ఇంకో అమ్మాయికి ఇచ్చారు. అది చెవులు వెనక్కి పెట్టింది. అయినా ఆ అమ్మాయి కళ్ళెం బిగించి పట్టుకుని ఎలాగో ఒక చుట్టు తిప్పింది. అంతే, ఆ ఏడాదికి గుర్రం ఆ అమ్మాయిదైపోయింది. నేను మళ్ళీ ఆ క్లబ్బు గడప తొక్కలేదు. దాని మూతిని చివరిసారి నిమిరానో లేదో కూడా గుర్తులేదు. 

దారి పొడుగునా నాన్న అమ్మని తిట్టాడు. మెట్రో కోసం తవ్విన గోతుల దగ్గర ట్రాఫిక్ ఆగిపోతే, ఆ తిట్లు వినడానికి మాకు ఇంకాస్త తీరిక దొరికింది.

"నలుగురూ వచ్చే చోటికి మరకల బట్టలా? ఇదేమన్నా మీ తెనాలి అనుకున్నావా? ఇంకోసారి నా ఇంట్లో కొత్తబట్టకి పసుపు పెట్టావంటే ఊరుకోను."

నేను "నువ్వు అడిగుంటే ఆ అమ్మాయి ఇచ్చేది కదా" అన్నాను. ఆయన రేడియో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత మా ఇంట్లో కొత్తబట్టకి పసుపు అంటలేదు. పండగ బట్టలకి లేదు, నా మొదటి ఉద్యోగానికి కొన్న చుడీదారుకి లేదు. నా పెళ్ళి చీరకి మా అత్తగారే పెట్టుకున్నారు. నాన్న చొక్కాల అంచులు తెల్లగానే ఉండేవి. ఆయన గమనించాడని కూడా నేననుకోను. నేనొకసారి నా కొత్త చీర తీసుకెళ్ళి, "పెట్టమ్మా, నేను కదా అడుగుతున్నది" అన్నాను. అమ్మ చీర మడత పెట్టి నా చేతికే ఇచ్చేసింది.

నాన్నకి అరవై నిండాయి. గుర్‌గావ్‌లోనే హాలు తీసుకుని షష్టిపూర్తి చేసుకున్నాడు. తెనాలి నుంచి చుట్టాలొచ్చారు, ఆఫీసు వాళ్ళొచ్చారు, పాత బాసు కూడా వచ్చాడు. ఈలోగా కాలం మారింది. పద్ధతులూ ఆచారాలూ ఇప్పుడు ఆఫీసు వాళ్ళకి ముచ్చటగా చూపించుకునే వస్తువులయ్యాయి. నాన్న కండువా సర్దుకుంటూ ఒక్కొక్కదాని అర్థం ఇంగ్లీషులో వాళ్ళకి చెబుతున్నాడు.

పురోహితుడు కొత్త పంచె కట్టుకురమ్మన్నాడు. నాన్న దాన్ని విప్పి అంచులు వెతికి, అందరికీ వినపడేలా నవ్వుతూ పిలిచాడు.

"ఏమోయ్, పసుపు పెట్టకుండానే ఇచ్చావేంటి? మన పద్ధతే మర్చిపోయావా?"

అమ్మ చేతిలో పసుపు గిన్నె ఉంది. వచ్చిన ముత్తైదువల కాళ్ళకి రాయడానికి కలిపిన పసుపు. ఒక్క చుక్క అద్దితే అయిపోయేది.

"మరక పడుద్దండి" అంది అమ్మ, మామూలు గొంతుతోనే. "నలుగురూ వచ్చే చోటు కదా."

గిన్నె పట్టుకుని ఆయన పక్కనుంచే నడిచి వెళ్ళి, మొదటి కుర్చీలో ఉన్న మా పిన్ని పాదాల దగ్గర కూర్చుంది. నాన్న ఆ తెల్ల పంచె పట్టుకుని, బాసు పక్కన, అలాగే నిలబడ్డాడు.