నాయన ఒప్పుకున్న పైలట్ ఉద్యోగం

పుస్తకాల్లో ఉద్యోగం మానేసే మనిషికి ముందుగా ఏదో ఒక పెద్ద సంఘటన జరుగుతుంది. నాకు అలాంటిదేమీ జరగలేదు. ఆత్మకూరులో ఒక జూనియర్ కాలేజీలో తొమ్మిదేళ్లు ఫిజిక్స్ చెప్పాను. ఏటా ఒకే లెక్క వచ్చేది: విమానం ఉత్తరానికి పోవాలి, గాలి పడమర నుంచి వీస్తోంది, ముక్కు ఎటు తిప్పాలి? తొమ్మిదో ఏడు బోర్డు మీద బాణం గుర్తు గీస్తూ, తిప్పేది నేనే అయితే బాగుండుననిపించింది. సాయంత్రం కమర్షియల్ పైలట్ లైసెన్సుకు వయసు అడ్డమేమో చూశాను. అడ్డం కాదు. అప్పటికి నాకు ముప్పై ఒకటి. ఇప్పుడు కో-పైలట్‌ని. మధ్యలో జరిగింది చాలావరకు పరీక్షలే కాబట్టి అది వదిలేస్తాను.

పైలట్లకు చేసే మెడికల్ పరీక్ష పాసయ్యాక నాయనకు చెప్పాలి. అమ్మ పోయి అప్పటికి ఏడు నెలలు. నాయన దుత్తలూరు దగ్గర మా ఊళ్లో గొర్రెలు మేపుతాడు. ఆయన వద్దంటే మానేద్దామని ముందే అనుకున్నాను. ఇందులో గొప్పతనం లేదు. ఆ ఏడాది ఆయన్ని ఇంకోసారి బాధపెట్టే ఓపిక నాకు లేదు, అంతే.

"నాయనా, కాలేజీ మానేసి పైలట్ అవుదామనుకుంటా ఉండా."

ఆయన చేతిలో పని ఆపాడు. "మంచి పని రా. పో," అన్నాడు.

ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నేను పొంగిపోయాను. తొమ్మిదేళ్లు పాఠం చెప్పినవాణ్ని, ప్రశ్నలు రాలేదంటే అర్థం కాలేదని నాకు తెలియాల్సింది.

రెండు వారాల తర్వాత గొర్రెల కడుపులో పురుగులు పోవడానికి తాగించే నట్టల మందు కోసం ఇద్దరం ఉదయగిరి వెళ్లాం. బస్టాండు దగ్గర టీ తాగుతుంటే 108 అంబులెన్సు వచ్చి ఆగింది. డ్రైవరు దిగి టీ చెప్పాడు. నాయన లేచి నిలబడ్డాడు.

"పైలట్ గారూ, మా వాడు గూడా మీ లైన్లోకే వస్తా ఉండాడు."

108 నడిపే మనిషిని పైలట్ అంటారు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ తట్టలేదు.

"అట్నా!" అని అతను నా వైపు తిరిగాడు. "లైసెన్సుకు బ్యాడ్జి తీసినావా?"

"లేదన్నా."

"మరెట్ట? బ్యాడ్జి లేకుంటే అంబులెన్సు చేతికియ్యరు. ముందు అది తియ్. బండి యాడ నేర్చుకున్నావు?"

"అన్నా, నేను... విమానం."

అతని టీ సగం చొక్కా మీద పడింది. "విమానమా! యాడ దించుతావబ్బా దాన్ని, ఉదయగిరి కొండ మీదనా?"

పక్క బెంచీ మీదివాళ్లూ నవ్వారు. నేనూ నవ్వాను. నాయన నవ్వలేదు. మందు సంచి తీసుకుని బస్సెక్కాడు.

మర్నాడు పొద్దున్నే దొడ్లో మందు తాగించాం. గొర్రె దవడ పట్టుకోవడం నా పని, సీసాతో పోయడం ఆయన పని. పదో పన్నెండో అయ్యాక నాయన మొదలుపెట్టాడు.

"మీ అమ్మను ఎక్కించుకోని పోయిన రోజు ఆ పైలట్ ఒక్క గుంతలో గూడా బండి పడనీలా. ఆత్మకూరు దాకా ఆమె నాతో మాట్లాడతానే ఉండింది. నువ్వు ఆ పనిలోకి పోతా ఉండావనుకున్నా."

అమ్మ ఆ తర్వాత నాలుగో రోజు నెల్లూరు ఆస్పత్రిలో పోయింది. దారిలో మాట్లాడిందని నాకు అప్పటిదాకా తెలియదు. ఏం మాట్లాడిందని నేను అడగలేదు.

"నేను సరిగ్గా చెప్పలా నాయనా. నువ్వొద్దంటే పోను."

"నోరు గట్టిగా పట్టు, కక్కేస్తా ఉండాది." మందు పోశాడు. "నీతో చదివేది ఎవురు?"

"పిల్లకాయలు. ఇరవై, ఇరవై ఒకటి."

"వాళ్ల ముందర తప్పులు చేస్తావు."

"చేస్తా."

"ఇన్నాళ్లూ సార్ అనిపించుకున్నావు. సిగ్గుండదా?"

"ఉంటాది."

ఆ మాటకు కొంచెం నవ్వాడు. తర్వాతి గొర్రెను తనే ఈడ్చుకొచ్చాడు.

"నేను ఒప్పుకున్నది ఆ బండికి. దీనికి నన్ను ఎవురూ అడగలా. ఇప్పుడు అడుగు."

"ఏంది?"

"ఏ బండో చెప్పి అడుగు."

నా రెండు చేతులూ గొర్రె మూతి మీద ఉన్నాయి. "నాయనా, కాలేజీ మానేసి విమానం నడపడం నేర్చుకోడానికి పోతా. పోమంటావా?"

"పడిపోతాదా అది?"

"ఎప్పుడో ఒకటి. బస్సులు పడినన్ని పడవు."

ఆయన సీసా ఎత్తి కొలత చూసుకున్నాడు. ఆ గొర్రె మింగేదాకా ఆగాడు.

"పో," అన్నాడు. "ఊర్లో మాత్రం నువ్వే చెప్పుకో. నేను దుత్తలూరు దాకా అందరికీ 108 అని చెప్పేసి ఉండా."

ఇంకా ముప్పై గొర్రెలు మిగిలాయి. అవన్నీ అయ్యేదాకా నన్ను దొడ్డి దాటనివ్వలేదు.